పోటీకి పెట్టే ఆలుగడ్డకు బరువు కన్నా తొక్క ముఖ్యం

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతం. ఎర్ర చల్కా నేల, బోరు నీళ్లు. ఏటా ఫిబ్రవరి మొదటి వారంలో మా దగ్గర జరిగే కూరగాయల ప్రదర్శనలో అయిదు ఆలుగడ్డలను పళ్లెంలో పెట్టే పోటీ ఉంటుంది. నిరుడు వినాయక చవితి వెళ్లగానే రెండు గుంటల్లో నాటి, పెంట, యూరియా దండిగా వేశాను. కొన్ని గడ్డలు 400 గ్రాముల దాకా ఊరినా తొక్క మీద గరుకు మచ్చలు, పగుళ్లు, పక్కన బుడిపెలు వచ్చాయి. బహుమతి రాలేదు. ఈసారి ఏ ఎరువు వేస్తే ఇంకా పెద్ద గడ్డలు వస్తాయి?

జవాబు: ఇంకా పెద్ద గడ్డల ఆలోచనను ముందు పక్కన పెట్టండి. ఇలాంటి పోటీల్లో న్యాయనిర్ణేతలు చూసేది అయిదు గడ్డలూ ఒకే ఆకారంలో, ఒకే పరిమాణంలో ఉన్నాయా, కళ్లు లోతు లేకుండా ఉన్నాయా, తొక్క నున్నగా, మచ్చ లేకుండా ఉందా అన్నదే. ఒక్కోటి 180 నుంచి 220 గ్రాముల మధ్య ఉంటే చాలు. అంతకు మించి త్వరత్వరగా ఊరిన గడ్డ లోపల బోలుగా మారే ప్రమాదం ఉంటుంది, కోసి చూస్తే అది బయటపడుతుంది.

మీరు రాసిన మూడు లక్షణాలకూ కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉన్నప్పుడే ఆలుగడ్డ సరిగ్గా ఊరుతుంది. సెప్టెంబరులో నాటిన పంటకు నేల వేడిగా ఉండి, ఊరడం ఒకసారి ఆగి, వాన పడగానే లేదా తడి ఇవ్వగానే మళ్లీ మొదలవుతుంది. బుడిపెలు, పగుళ్లు అలా వచ్చినవే. గరుకు మచ్చలు స్కాబ్ అనే తెగులువి. మాగని పెంట, క్షార గుణం గల నేల, గడ్డ కట్టే దశలో మట్టి ఆరిపోవడం, ఈ మూడూ దానికి అనుకూలం. మన జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోర్ల నీటిలో సాధారణంగా బైకార్బనేట్లు కూడా ఎక్కువగా ఉంటాయి కాబట్టి, ఆ నీరు ఏళ్ల తరబడి పారిన చల్కా నేలలో ఉదజని సూచిక (pH), అంటే క్షార గుణం, పెరుగుతూ పోతుంది. అందుకని ఈ నెలలోనే మట్టిని, నీటిని కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి. వాన నీరు నిలిచిన నీటి కుంట మీ పొలంలో ఉంటే ఈ చిన్న మడికి ఆ నీటినే వాడడం మేలు.

పోటీ కోసం ఒక్క గుంట చాలు. గత రెండేళ్లలో టమాట, వంగ, మిరప వేయని చోటును ఎంచుకోండి. గులకరాళ్లు గడ్డకు గీతలు పెడతాయి కనుక, గడ్డ ఊరే సాలు వరకైనా అడుగు లోతున మట్టిని తీసి జల్లెడ పట్టి తిరిగి నింపండి. బ్రిటన్‌లో పోటీలకు పండించేవారు ఇదే కారణంతో పీట్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్లి ఏర్పడే మెత్తని పొట్టు) నింపిన సంచుల్లో నాటుతారు. మనకు కొబ్బరి పొట్టు, బాగా మాగిన ఆకు ఎరువు ఆ పని చేస్తాయి. చెరువు పూడిక మట్టి మిగతా పంటలకు ఎంత మంచిదైనా ఇక్కడ వేయకండి, అది ఆరినప్పుడు బిగుసుకొని గడ్డ ఆకారాన్ని చెడగొడుతుంది.

రకాల్లో కుఫ్రి సూర్య మీకు తగినది. వేడిని కొంత తట్టుకుంటుంది, గడ్డ కోలగా, కళ్లు పైపైన ఉంటాయి. కూరకు తెచ్చుకున్న గడ్డలను నాటకండి, వాటితో వైరస్ తెగుళ్లు వస్తాయి. కోయని 40 నుంచి 50 గ్రాముల విత్తన గడ్డలను శీతల గిడ్డంగి నుంచి తెచ్చాక పది రోజులు నీడలో, పలుచని వెలుతురులో పరచండి. మొలకలు సెంటీమీటరు పొడవు రాగానే బలమైన రెండు మూడింటిని ఉంచి మిగిలినవి గిల్లేయండి. కాడలు తగ్గితే గడ్డల సంఖ్య తగ్గి, ఉన్నవి సమంగా ఊరుతాయి. అక్టోబరు చివరి వారంలో సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 30 సెంటీమీటర్ల దూరంలో నాటండి.

గుంటకు 250 కిలోల మాగిన పెంటను నెల ముందే కలియదున్ని, నాటేటప్పుడు 5 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి. యూరియాకు బదులు 6 కిలోల అమ్మోనియం సల్ఫేట్‌ను సగం నాటేటప్పుడు, సగం 25 నుంచి 30 రోజులకు మట్టి ఎగదోసే ముందు ఇవ్వండి. నేల క్షారాన్ని అది కొంత తగ్గిస్తుంది. మట్టి బాగా ఎగదోయకపోతే పైకి తేలిన గడ్డ ఎండ తగిలి ఆకుపచ్చగా మారుతుంది, దుంప తొలిచే పురుగు కూడా దానికే పడుతుంది.

అన్నింటికన్నా మీరు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది 30వ రోజు నుంచి 55వ రోజు వరకు. ఈ రోజుల్లో బోదె లోపలి మట్టిని పిడికిట పట్టి చూస్తే ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య నీరు మాత్రం ఊరకూడదు. డ్రిప్ ఉంటే రోజూ ఉదయం కొద్దిసేపు, లేకుంటే నాలుగైదు రోజులకో పలుచని తడి ఇచ్చి, సాళ్ల మధ్య వరిగడ్డి పరచండి. ఆకు మచ్చ కనిపిస్తే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి పిచికారీ చేస్తే సరిపోతుంది.

సంక్రాంతి వెళ్లగానే మొక్కలను నేల మట్టానికి కోసి, తడులు ఆపండి. పది పన్నెండు రోజులకు ఒక గడ్డను తీసి బొటనవేలితో గట్టిగా రుద్దితే తొక్క లేవకూడదు. లేస్తే మరో మూడు రోజులు ఆగండి. గడ్డపార వాడకుండా చేతులతో మట్టి తీసి, గడ్డలను ఒకదానికొకటి తగలకుండా చీకటి గదిలో పొడి గోనె మీద పరచండి. ప్రదర్శనకు ముందు రోజు మాత్రమే నీళ్లలో మెత్తని స్పాంజితో ఒత్తకుండా కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాన్ని నల్ల గుడ్డలో చుట్టండి. ఎంచేటప్పుడు అన్నిటికన్నా అందమైన గడ్డతో మొదలుపెట్టకండి, దానికి జోడీ దొరకదు. ముందు ఎక్కువగా ఉన్న ఆకారం ఏదో చూసి, అందులోంచి ఏడింటిని తూచి ఎంచి, రెండింటిని అదనంగా వెంట తీసుకెళ్లండి.