ఆ బీరువా తాళం తీయండి

మీ ఉత్తరం సారాంశం ఇది. అమ్మాయికి పదిహేడేళ్లు, చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకుంటోంది. ఆర్కెస్ట్రాకు, బృందగానానికి సంగీతం రాస్తానంటోంది. కానీ సాధన తగ్గించి కవితలు చదువుతోందని మీరు ఆ పుస్తకాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. పాటను రికార్డు చేసి, గొంతులనూ వాద్యాలనూ సరిపాళ్లలో కలపడం (మిక్సింగ్) నేర్పే ఏడాది మ్యూజిక్ ప్రొడక్షన్ కోర్సు మంచిదా, సంగీత రచన నేర్పే నాలుగేళ్ల కంపోజిషన్ డిగ్రీ మంచిదా తేల్చమన్నారు.

కోర్సుల సంగతి తర్వాత. ముందు తాళం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అసలు భయం అక్కడే ఉంది.

1814 అక్టోబరులో ఆస్ట్రియా సంగీతకర్త షూబర్ట్ వయసు మీ అమ్మాయి వయసే. తండ్రి నడిపే బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. జర్మన్ కవి గ్యోథె 'ఫౌస్ట్' నాటకంలో ఒక కవిత ఆయనను పట్టుకుంది. రాట్నం దగ్గర కూర్చున్న అమ్మాయి ప్రియుణ్ని తలుచుకుంటుంది, అంతే విషయం. ఆ రాట్నాన్ని షూబర్ట్ పియానోకు అప్పగించాడు. కుడిచేతి కింద చక్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అతని ముద్దు గుర్తొచ్చిన మాట దగ్గర మాత్రం చటుక్కున ఆగిపోతుంది. తర్వాత తడబడుతూ, ఆగుతూ గానీ మళ్లీ కదలదు. ఇక్కడ రాట్నం ఆగాలని గ్యోథె రాయలేదు. ఎన్నిసార్లు చదివితే ఆ కుర్రాడికి అది వినిపించిందో ఆలోచించండి. మీరు కాలక్షేపం అంటున్న పని అదే.

పాడేవాళ్లు లేకపోయినా కవిత పని చేస్తుంది. ఫ్రెంచి కవి మలార్మే 'ఫాన్ మధ్యాహ్నం' కవిత చదివి ఫ్రెంచి సంగీతకర్త డెబ్యుసీ 1894లో ఆర్కెస్ట్రాకు రాసిన రచనలో ఒక్క మాట కూడా ఉండదు. మొదట్లో ఒంటరిగా వచ్చే వేణువులోనే ఆ మధ్యాహ్నపు మగత అంతా ఉంటుంది. పాడేవాళ్లున్న రచనలోనూ అంతే. ఆస్ట్రియా సంగీతకర్త జెమ్లిన్‌స్కీ తన 'లిరిక్ సింఫనీ'కి రవీంద్రుని ప్రేమ, ఎడబాటు కవితలను జర్మన్ అనువాదంలో తీసుకున్నాడు. ఏడు పాటలు. స్త్రీ గొంతు, పురుషుడి గొంతు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఒక్కసారి కూడా కలిసి పాడవు. ఆ ఎడబాటు రాగంలో కంటే ముందు ఆ అమరికలోనే ఉంది.

ఇక ప్రొడక్షన్ కోర్సు. దాని మీద నాకున్న అనుమానం దాచుకోను. రికార్డింగ్, మిక్సింగ్ గౌరవమైన వృత్తులే, వాటిని ప్రేమించే పిల్లలను నేనే అటు పంపుతాను. కానీ ఏడాదిలో ఎవరినైనా సంగీత దర్శకుణ్ని చేస్తామనే ప్రకటనలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ ఏడాదిలో చేతికొచ్చేది పనిముట్టు. నాలుగేళ్లకు దాని రూపం మారుతుంది, కొత్తది నేర్చుకోవాలి. మీ అమ్మాయి అది అడగలేదు కూడా. పక్కింటివాళ్ల అబ్బాయి చేరాడని మీరు అడుగుతున్నారు, ఉత్తరంలో మీరే రాశారు.

డిగ్రీ పూలబాట అని చెప్పను. కచేరీ సంగీతం రాసి దాని మీదే బతికేవాళ్లు తక్కువ. ఎక్కువమంది పాఠాలు చెబుతారు, బృందగానాలు నడుపుతారు, ఇతరుల పాటలకు ఏ వాద్యం ఏం వాయించాలో రాసిపెడతారు. ఇల్లు గడుస్తుంది. స్వరలేఖనం (సంగీతాన్ని కాగితం మీద రాయడం), వాద్యాల స్వభావం, బహుగళ రచన (ఒకేసారి పలు గొంతులకు వేర్వేరు వరుసలు రాయడం) ఒంటరిగా నేర్చుకోవడం కష్టం కనుక డిగ్రీకే నా ఓటు. మిక్సింగ్ పక్కనే నేర్చుకోవచ్చు.

ప్రవేశానికి సాధారణంగా సొంత రచనలు అడుగుతారు. ఈ సెలవుల్లో ఒక చిన్న కవిత తీసుకొని ఒక గొంతుకు, పియానోకు రాయమనండి. ముందు దాన్ని పైకి చదవాలి. ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో, ఏ అక్షరం మీద బరువు పడుతోందో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. తర్వాత ఎవరితోనైనా పాడించాలి. గొంతుకు అందని స్వరం కాగితం మీద ఎంత అందంగా ఉన్నా అప్పుడు దొరికిపోతుంది.

ఈనాటి కవి కవితను ఎంచుకుంటే అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ ఉత్తరం అమ్మాయే రాయాలి. మీరు రాయకండి.