కొత్త రోడ్ బైక్‌తో మొదటిసారి: సాగర్ తర్వాత, ముందు పానగల్

మీ ప్రశ్న ఇది: ముప్పై ఎనిమిదేళ్ల వయసులో రోడ్ బైక్ (సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న సైకిలు) కొన్నారు, చిన్నప్పుడు బడికి తొక్కిన సైకిలు తప్ప మరో అనుభవం లేదు, నల్లగొండలో ఉంటారు, వచ్చే ఆదివారం నాగార్జునసాగర్ దాకా వెళ్లి రావచ్చా అని అడిగారు. వద్దు అనే చెబుతాను. పోనురాను నూరు కిలోమీటర్లు దాటే ఆ దారిని మీ కాళ్లు తట్టుకున్నా అరచేతులు, మెడ, కూర్చునే చోటు తట్టుకోవు. అంతకంటే ముఖ్యంగా, ఆ సైకిలు ఎలా ఆగుతుందో, ఎలా మలుపు తిరుగుతుందో మీ చేతులకు ఇంకా తెలియదు. తొలిరోజు క్లాక్ టవర్ నుంచి పానగల్ దాకా వెళ్లి, అక్కడి ఉదయసముద్రం చెరువు చూసి, ఇంటికి తిరిగి రండి. అంతా కలిపి పది కిలోమీటర్లు అయితే అదే ఎక్కువ.

నేను ఆ పని చేయలేదు. నా సైకిలు 2021 జూలైలో, ఆషాఢంలో ఇంటికి వచ్చింది. మరునాడు తెల్లవారగానే మిర్యాలగూడ రోడ్డు పట్టి తిప్పర్తి దాకా, అంటే సుమారు పదిహేను కిలోమీటర్లు, నలభై నిమిషాల లోపే చేరుకున్నాను. హ్యాండిల్‌కు బిగించిన మీటరు ఇరవై ఎనిమిది, ముప్పై అని చూపుతుంటే, ఇంత సత్తువ పెట్టుకుని ఇన్నేళ్లు కుర్చీలో ఎందుకు కూర్చున్నానా అనుకున్నాను. చెవుల దగ్గర గాలి హోరు లేకపోవడం కూడా ఖరీదైన సైకిలు గొప్పతనమే అనుకున్నాను గాని, గాలి నా వీపును నెడుతున్నదన్న ఆలోచనే రాలేదు. తిప్పర్తిలో చాయ్ తాగి సైకిలును వెనక్కి తిప్పిన తర్వాత ఇల్లు చేరడానికి గంటన్నర పట్టింది. రెండుసార్లు దిగి నడిచాను. పాలక్యాన్లు కట్టుకుని టీవీఎస్‌పై వెళుతున్న ఒక పెద్దమనిషి బండి నెమ్మది చేసి, "చెయిన్ పడ్డదా బిడ్డా?" అని అడిగాడు.

మన ప్రాంతంలో జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి రుతుపవనాల గాలి పడమటి వైపు నుంచి బలంగా వీస్తుంది. ఆషాఢం గాలి అని మనవాళ్లు అనేది దానినే. మామూలు సైకిలుపై నిటారుగా కూర్చుని గంటకు పన్నెండు కిలోమీటర్లతో వెళ్లేటప్పుడు దాని ప్రభావం ఇంతగా తెలియదు. రోడ్ బైక్ వేగానికి వచ్చేసరికి మీ శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. మీరు గంటకు 25 కిలోమీటర్లతో వెళుతుండగా గాలి 15 కిలోమీటర్లతో వెనుక నుంచి వీస్తే మీ ఒంటికి తగిలే గాలి వేగం 10 మాత్రమే. అదే వేగంతో ఎదురు తిరిగితే అది 40 అవుతుంది. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఆ తేడా నాలుగు రెట్లు కాదు, పదహారు రెట్లు. అందుకే ఈ నెలల్లో కొంచెం దూరం వెళ్లాలనుకున్న రోజున దేవరకొండ రోడ్డు వైపు ముందు గాలికి ఎదురెళ్లి, ఒళ్లు అలసిన తర్వాత గాలి వాలున తిరిగి రావడం మేలు. పానగల్ దగ్గరే కాబట్టి గాలి ఎటున్నా పెద్దగా బాధించదు.

ఇంటి నుంచి కదలకముందు రెండు చక్రాల బిగింపులు, హ్యాండిల్, సీటు గట్టిగా ఉన్నాయో లేదో చేత్తో ఊపి చూడండి. దుకాణంవాళ్లు చూసే ఉంటారని నమ్మవద్దు. నాకు సైకిలు అమ్మిన దుకాణంలో సీటు కింది గొట్టాన్ని సరిగా బిగించలేదు. అది ప్రతి గుంతకూ కొద్దికొద్దిగా కిందికి జారుతుంటే నేను మోకాళ్ల నొప్పిని వయసు ఖాతాలో వేసుకున్నాను. ఇప్పుడు ఆ గొట్టం చుట్టూ సరైన ఎత్తు దగ్గర నల్లటి ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేసి ఉంచాను. జారితే వెంటనే తెలుస్తుంది. ఎత్తు లెక్క సులభం: గోడను పట్టుకుని సీటుపై కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి దించి దానిపై మడమ పెట్టినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్‌పై ఉంటుంది కనుక మోకాలు కొంచెం వంగుతుంది. ఆ ఎత్తులో సీటుపై కూర్చునే రెండు పాదాలు నేలకు ఆనించలేరు. ఆగేటప్పుడు సీటు మీది నుంచి ముందుకు దిగి, ఒక కాలు నేలపై పెట్టాలి. ఈ ఒక్కటి ఇంటి ముందు పదిసార్లు చేయండి. బూటును పెడల్‌కు బిగించే రకం పెడళ్లు మీ సైకిలుతో వచ్చి ఉంటే, మొదటి నెల వాటిని తీసి మామూలు పెడళ్లు వేయించుకోండి.

బ్రేకుల సంగతి కొంచెం ఓపికగా చదవండి. ఏ చేతి లివర్ ముందు చక్రానిదో సైకిలు కదలకముందే నొక్కి చూసుకోవాలి, ఎందుకంటే అన్ని సైకిళ్లకూ ఒకే తీరుగా ఉండదు. అసలైన ఆపే శక్తి ముందు బ్రేకులోనే ఉంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వస్తుంది, వెనుక చక్రం తేలికై జారుతుంది. అందువల్ల ముందు బ్రేకు ముట్టుకోవద్దని చిన్నప్పుడు విన్న సలహా ఇక్కడ పనికిరాదు. రెండింటినీ కలిపి, మెల్లగా బిగిస్తూ, నడుమును కొంచెం వెనక్కి జరపాలి. మీది డిస్క్ బ్రేకు అయితే కొత్త ప్యాడ్లు మొదట సరిగా పట్టవు. ఖాళీ రోడ్డుపై ఒక మోస్తరు వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా గట్టిగా నెమ్మది చేయడం పదిహేను ఇరవై సార్లు చేస్తే పట్టు వస్తుంది. తొలిరోజు చేతులు బ్రేకు లివర్ల పైనున్న రబ్బరు బుడిపెల మీదే ఉంచండి. హ్యాండిల్ కింది వంపును పట్టుకుని ఫోటోలలోని పందెగాళ్లలా వంగడం తర్వాత సంగతి. మోచేతులు బిగదీయకుండా కొంచెం వంచి ఉంచితే అరచేతుల తిమ్మిరి చాలావరకు తగ్గుతుంది.

గేర్ల గురించి ఎక్కువ భయం అవసరం లేదు. ఎడమచేయి ముందు పళ్లచక్రాలను, కుడిచేయి వెనుక వాటిని మారుస్తుంది. ముందు చిన్నచక్రంలోనే ఉంచి, ఆ రోజంతా కుడిచేతితో మాత్రమే పని నడపండి. పెడల్ తిరుగుతుండగానే గేరు మార్చాలి, చౌరస్తా రాకముందే తేలిక గేరులోకి రావాలి.

ఇక టైర్లు. మామూలు సైకిలుకు బొటనవేలితో నొక్కి గాలి చూసే అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది. మీ టైరు 28 మిల్లీమీటర్లది, మీ బరువు డెబ్బై కిలోలకు అటుఇటుగా ఉంటే, 70 నుంచి 80 పీఎస్ఐ (పంపు మీటరు చూపే గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కావాలి. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకెను మాత్రం దాటకూడదు. గాలి తక్కువైతే గుంతలో పడినప్పుడు రిమ్ముకూ రాయికీ నడుమ ట్యూబు నలిగి, పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి. సన్నటి ట్యూబు కనుక గాలి తనంతట తానే దిగుతుంది; ప్రతిసారీ బయలుదేరేముందు చూసుకోవాలి. ఇంట్లో మీటరున్న నిలువు పంపు ఉండడం తప్పనిసరి. అంతకుమించి, మీ ట్యూబు వాల్వు సన్నగా, కొనకు చిన్న మరతో ఉంటే అది ప్రెస్టా రకం. మన పంక్చర్ దుకాణాలలోని మోటారు సైకిలు గాలి గొట్టం దానికి పట్టదు. ఇరవై ముప్పై రూపాయల ఇత్తడి అడాప్టర్ ఒకటి జేబులో ఉంటే ఏ ఊరి దుకాణంలోనైనా గాలి పట్టించుకోవచ్చు. గాలి పట్టేముందు ఆ చిన్న మరను విప్పి, ఒకసారి వేలితో నొక్కి వదలాలి.

పంక్చర్లకు మన దగ్గర పల్లేరుకాయలను మించినవి లేవు. అవి తారు రోడ్డు నడుమ ఉండవు, మొరం అంచున ఉంటాయి. సర్కారు తుమ్మ కొమ్మలు కొట్టి పడేసిన చోటా అంతే. బస్సుకు దారి ఇవ్వడానికి అంచు దిగిన ప్రతిసారీ ఆగి టైరును ఒకసారి చూసుకోవడం నాకు అలవాటైంది. అందుకే అంచును పట్టుకుని వెళ్లకుండా, తెల్లగీతకు ఒక అడుగు లోపల, నిలకడగా ఒకే వరుసలో వెళ్లండి; వెనుకవాళ్లకు మీరు స్పష్టంగా కనబడతారు కూడా. ఒక స్పేర్ ట్యూబు, టైరును రిమ్ము నుంచి ఊడదీసే రెండు ప్లాస్టిక్ లివర్లు, చిన్న పంపు వెంట ఉండాలి. పానగల్ వెళ్లడానికి ఇవన్నీ ఎందుకని అనిపించవచ్చు గాని, సైకిలు ఎత్తుకుని నాలుగు కిలోమీటర్లు నడిచిన వ్యక్తిగా చెబుతున్నాను. శనివారం సాయంత్రమే ఇంట్లో కూర్చుని ఒకసారి వెనుక చక్రం విప్పి, ట్యూబు తీసి, మళ్లీ వేయండి.

ఆదివారం ఆరు గంటల లోపే బయలుదేరితే పట్టణంలో ఆటోల రద్దీ ఉండదు. నాట్ల కాలం కనుక బురద దున్నే ఇనుప కేజ్ వీల్స్‌తోనే రోడ్డెక్కిన ట్రాక్టర్లు తారును గీరి, మట్టిగడ్డలు రాల్చి పోతాయి. వాన పడితే ఆ మట్టి, రోడ్డు మీద వేసిన తెల్లరంగు రెండూ సబ్బులా జారుతాయి. అక్కడ బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటండి. యాసంగి కోతల వేళకైతే రోడ్డు సగం వడ్ల కల్లమే అవుతుంది, అంచున పేర్చిన రాళ్లు ఈ టైర్లకు శత్రువులు. కుక్కలు వెంటబడితే వేగం పెంచవద్దు. దిగి సైకిలును అడ్డం పెట్టుకుని నిలబడితే చాలాసార్లు వాటి ఆసక్తి పోతుంది. హెల్మెట్ లేకుండా వీధి చివరిదాకా కూడా వెళ్లవద్దు. మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కరు కొంటే దాన్ని లోదుస్తులు లేకుండానే వేసుకోవాలి. ఇది దుకాణంలో ఎవరూ చెప్పరు, నేను ఒరుసుకుపోయిన తర్వాత తెలుసుకున్నాను.

పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం దగ్గర దిగి పది నిమిషాలు నడవండి, నీళ్లు తాగండి. అక్కడ మీ ఒంటిని గమనించుకోండి. వేళ్లు తిమ్మిరెక్కితే బరువు చేతుల మీద పడుతున్నట్టు; మోకాలి ముందుభాగం నొస్తే సీటు తక్కువగా ఉన్నట్టు; మోకాలి వెనుక లాగితే ఎక్కువగా ఉన్నట్టు. ఒకసారికి అర సెంటీమీటరు మించి మార్చకుండా, తిరుగు దారిలో ఎలా ఉందో చూసుకోండి. మొదటి నూరు కిలోమీటర్లలో గేర్ల తీగలు కొంచెం సాగి, చెయిన్ టకటకమని చప్పుడు చేస్తుంది. సైకిలు చెడిపోయిందని కంగారు పడకుండా అప్పుడు ఉచిత సర్వీసింగ్‌కు ఇవ్వండి.

నేను సాగర్ వెళ్లింది అదే ఏడాది డిసెంబరులో. హాలియాలో ఆగి ఇడ్లీలు తిని, మధ్యాహ్నానికి డ్యామ్ దగ్గరకు చేరాను. వచ్చేటప్పుడు మాత్రం సైకిలును బస్సుపై వేసుకుని వచ్చాను.