పది చిట్కాలు వద్దు, ఒక్క మిల్లు చాలు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పాలకొల్లు. కాకినాడలో ఇంజినీరింగ్, తర్వాత ఎంబీఏ చేసి హైదరాబాద్‌లో ఒక మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ కంపెనీలో, అంటే వ్యాపారాలకి సలహాలిచ్చే సంస్థలో పనిచేస్తున్నాను. కన్సల్టింగ్ ఉద్యోగాల మీద వచ్చే ఒక కెరీర్ మాసపత్రిక బయటివాళ్ల వ్యాసాలు కూడా వేసుకుంటుంది. ‘మంచి కన్సల్టెంట్ కావడానికి పది చిట్కాలు’ అని రాసి పంపాను. ‘ఇందులో మీరు కనబడటం లేదు’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. నా అనుభవం రాద్దామంటే క్లయింట్ల సంగతులు బయటపడతాయని టెన్షన్. ఏం రాయమంటారు?

జవాబు: ఎడిటర్ మీద కోపం పెట్టుకోకండమ్మా. ఆ ఒక్క ముక్కయినా రాశారు, చాలాచోట్ల అదీ రాయరు. నేను కన్సల్టింగ్ ఉద్యోగం మానేసి నరసాపురం వచ్చేశాక ఇలాంటి పత్రికకే వచ్చిన వ్యాసాలు చదివిపెట్టే పని కొన్నాళ్లు చేశాను. కట్టలు కట్టలుగా వచ్చేవి మీ పది చిట్కాలే. కమ్యూనికేషన్ పెంచుకోండి, ఎక్సెల్ నేర్చుకోండి, పరిచయాలు పెంచుకోండి. పైన పేరు తీసేస్తే ఎవరి వ్యాసం ఏదో రాసినవాళ్లు కూడా పోల్చుకోలేరు. మరికొందరు చరిత్ర ఎత్తుకుంటారు, మెకిన్సీ అనే పెద్ద కన్సల్టింగ్ కంపెనీ 1926లో చికాగోలో పుట్టింది అంటూ. మన వైపు వాళ్లయితే కాటన్ దొరే తొలి కన్సల్టెంట్ అని మొదలెడతారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో ఆయన పూర్తి చేశాడు, సంతోషం. మీరేం చేశారో చెప్పండి.

ఒక్క పని తీసుకోండి. దాన్నే మొదటి నుంచి చివరిదాకా చెప్పండి.

ఎలాగో చూపిస్తాను. ఒక రైస్ మిల్లుకి మా బృందం వెళ్లింది. యజమాని కరెంటు బిల్లు మా చేతిలో పెట్టి, ‘నా కొంప ముంచుతున్నది ఇదేనండి’ అన్నాడు. మేమూ నమ్మి మోటార్ల చుట్టూ తిరిగాం. లెక్కలు వేస్తే కరెంటులో పోతున్నది చాలా కొంచెం. అసలు డబ్బు నూకలో పోతోంది. నూక ఎందుకు ఎక్కువవుతోందో మా లాప్‌టాప్‌లు చెప్పలేదు, మిల్లు మేస్త్రి చెప్పాడు. గుప్పెడు ధాన్యం పొట్టు వలిచి, బియ్యపు గింజను వెలుతురుకి పట్టి, అందులో సన్నటి పగులు చూపించాడు. ప్రభుత్వ కొనుగోలుకి ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు కదా, అందుకని రైతు రోడ్డు మీద ఎండబోస్తాడు. తారు వేడికి గింజ గబగబా ఆరిపోతుంది. రాత్రి మంచుకి మళ్లీ తేమ పీలుస్తుంది. లోపల పగులుతుంది. మిల్లులోకి వెళ్లాక విరుగుతుంది. కస్టమ్ మిల్లింగ్‌లో, అంటే ప్రభుత్వ ధాన్యం ఆడించి బియ్యం తిరిగిచ్చే పనిలో, క్వింటా ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం లెక్క అప్పజెప్పాల్సిన మనిషికి ఇది చిన్న సంగతి కాదు. వచ్చిన లాట్లని తేమను బట్టి విడగొట్టి, వేరువేరుగా ఆడించమని చెప్పాం. రాశుల మీద రాత్రి పట్టాలు కప్పేలా రైతులతో మాట్లాడమన్నాం. కరెంటు గురించి మా నివేదికలో ఒక్క పేరా ఉంది, అది కూడా ఆయన మనసు కష్టపెట్టకుండా ఉండటానికి.

పది చిట్కాల్లో ఒక్కటీ చెప్పకుండానే డిగ్రీ చదివే పిల్లాడికి ఈ ఉద్యోగంలో ఏం చేస్తారో ఇందులో తెలిసిపోతుంది. మన ఊళ్లలో కన్సల్టెన్సీ బోర్డు అంటే అమెరికా పంపేవాళ్లే అనుకుంటారు కాబట్టి, ఇలా ఒక్క పని కళ్లకి కట్టేలా చూపించడం ఇంకా అవసరం.

ఇక మీ టెన్షన్. అది న్యాయమైనదే. పేరు ఒక్కటీ తీసేస్తే చాలనుకుంటారు చాలామంది. ‘భీమవరం పక్కన, కాలవగట్టు మీద, పెద్దబ్బాయి డల్లాస్‌లో ఉన్న ఒక మిల్లు యజమాని’ అని రాశారనుకోండి, సాయంత్రానికి కాఫీ హోటల్లో ఆయన ఇంటిపేరుతో సహా చెప్పేస్తారు. ఊరు మార్చాలి, కాలం మార్చాలి, కుటుంబం ఊసెత్తకూడదు, రూపాయల అంకెలు వదిలేసి నిష్పత్తి చెప్పాలి. కారణం మాత్రం మార్చకూడదు. పైన నేను చెప్పిన మిల్లు ఏ జిల్లాదో మీకు తెలియదు, తెలియనివ్వను కూడా. ఎంత మార్చినా క్లయింట్ చదివితే ‘ఇది మనదే’ అనుకుంటాడనిపిస్తే ఆ పని వదిలేసి ఇంకో పని తీసుకోండి.

మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి గోప్యత గురించి రాసిన క్లాజు చదవండి. మామూలుగా ఉద్యోగం మానేశాక కూడా అది వర్తించేలా రాస్తారు. కంపెనీ పేరు పక్కన మీ పేరు అచ్చవ్వాలంటే చాలా సంస్థల్లో ముందుగా అనుమతి తీసుకోవాలి. మేనేజర్‌కి మెయిల్ పెట్టి, వ్యాసం జత చేసి, రాతపూర్వకంగా సరేననిపించుకోండి. నోటిమాట సరిపోదు. క్లయింట్ షేర్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ అయితే ఇంకా జాగ్రత్త. బయటికి రాని, షేరు ధరని కదిలించే సమాచారం చెప్పడం షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కిందికి వస్తుంది. ఆఫీసులో చేసిన స్లైడ్లు, చార్టులు కంపెనీవి. అవి వాడకండి.

రాసే పద్ధతి గురించి ఒక మాట. 1963లో మెకిన్సీలో చేరిన బార్బరా మింటో అనే ఆవిడ, ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలు చెప్పే పద్ధతిని ఈ రంగమంతటికీ అలవాటు చేసింది. క్లయింట్‌కి ఇచ్చే నోట్‌కి అంతకన్నా మంచి పద్ధతి లేదు. వ్యాసానికి మాత్రం నేను ఒప్పుకోను. మొదటి వాక్యంలోనే ‘కారణం తేమ’ అనేస్తే మేస్త్రి గుప్పిట్లో ఏముందో చూడటానికి ఎవరు ఆగుతారు? క్లయింట్ అన్న మాటతో మొదలెట్టండి.

ఇంకొకటి, కేస్ ఇంటర్వ్యూ, అంటే ఉద్యోగంలోకి తీసుకునే ముందు ఒక సమస్య ఇచ్చి పరిష్కరించమనే ఇంటర్వ్యూ గురించి రాయకండి. హైదరాబాద్‌లో రోజుకి ఎన్ని కప్పుల చాయ్ అమ్ముడవుతుంది లాంటి లెక్కలు అందరూ రాసేశారు. చేరాక మొదటి ఏడాది ఎక్కువగా ఎవరో ఇచ్చిన డేటా శుభ్రం చేయడంతోనే గడుస్తుందని, ప్రాజెక్టు లేనప్పుడు బెంచి మీద కూర్చోవడం ఎలా ఉంటుందో, ప్రమోషన్ రాకపోతే గౌరవంగా తప్పుకోమనే పద్ధతి కొన్ని కంపెనీల్లో ఉందని ఎవరూ రాయరు. అవి మీకు తెలుసు.

ప్రశ్న: నమస్కారమండి. మాది ఆకివీడు దగ్గర. బీఎస్సీ చదివి రొయ్యల చెరువులకి టెక్నీషియన్‌గా తిరుగుతుంటాను. అందరూ కన్సల్టెంట్ గారూ అనే పిలుస్తారు. నాలాంటివాడు ఇలాంటి పత్రికకి రాస్తే వేసుకుంటారా? మందుల కంపెనీ నుంచి నాకు కమీషన్ వస్తుంది. అది చెప్పాలా?

జవాబు: వేసుకోకపోతే నష్టం వాళ్లదేనండి. 2009లో వనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక మన డెల్టాలో సలహా చెప్పుకుని బతికే వృత్తి ఎంత పెరిగిందో ఆ పత్రిక చదివే ఎంబీఏలకి తెలియదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుందని, ఆ వేళకి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో, రైతు ఫోన్ చేస్తే మీరు ముందు అడిగే ప్రశ్న ఏమిటో రాయండి. రొయ్యలు ఎంత తింటున్నాయో చూడటానికి చెరువులో దింపే చెక్ ట్రేలో మేత మిగిలితే మీరు దాన్నుంచి ఏం గ్రహిస్తారో రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, సలహాకి డబ్బు అడగడం. మందుల షాపులో సలహా ఉచితంగా దొరుకుతుంటే మీకు ఫీజు ఎందుకివ్వాలని రైతు అడుగుతాడు కదా. దానికి మీరేమంటారో చదవాలని నాకే ఉంది.

కమీషన్ సంగతి చెప్పితీరాలి. మొదటి పేరాలోనే చెప్పండి. మందు అమ్మితే డబ్బొచ్చే మనిషి ‘ఈ చెరువుకి మందు అక్కర్లేదు’ అని ఎప్పుడు చెప్పాడో రాస్తే, ఆ పేరా కోసమే వ్యాసం వేసుకుంటారు. నిషేధించిన యాంటీబయాటిక్స్ వాడమని ఎవరైనా ఒత్తిడి తెస్తే ఎలా కాదన్నారో కూడా రాయండి, ఎగుమతి సరుకు చాలాసార్లు వెనక్కి తిరిగొచ్చేది ఆ మందుల అవశేషాల వల్లే అని మీకు తెలుసు. ఏ కంపెనీ పేరూ, మందు పేరూ రాయొద్దు. రాస్తే అది ప్రకటన అవుతుంది. బీఎస్సీ ఏ సబ్జెక్టయినా ఫర్వాలేదు, ఉన్నది ఉన్నట్టు పరిచయంలో చెప్పండి. ఫిషరీస్ చదివినట్టు అనిపించేలా మాత్రం రాయకండి.

ప్రశ్న: అమలాపురంలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. కన్సల్టింగ్ ఉద్యోగానికి రెజ్యూమేలో పనికొస్తుందని ఒక వ్యాసం అచ్చు వేయించుకుందామనుకుంటున్నాను. ఒకరు డబ్బు కడితే వేస్తామంటున్నారు. వ్యాసం ఏఐతో రాయించి పంపితే ఏమైనా ఇబ్బందా?

జవాబు: డబ్బు కట్టకు బాబూ. మంచి పత్రిక రాసినవాళ్లకి ఎంతో కొంత ఇస్తుంది, లేదా ఏమీ ఇవ్వదు. పుచ్చుకునేది మాత్రం కాదు. ఏఐతో రాయించిన వ్యాసం గురించి ఇంటర్వ్యూలో అడిగితే జవాబు చెప్పాల్సింది నువ్వే. ఆ డబ్బుతో బస్సెక్కి రాజోలు వైపు వెళ్లు, కొబ్బరి దింపు చేయించే ఒక రైతు దగ్గర కూర్చుని, కాయకి ఎంత వస్తుందో, ఎక్కడ ఎంత పోతుందో లెక్క రాసుకో. పదాల పరిమితి ఎంతో ముందే అడుగు, అదే వ్యాసం రెండు చోట్లకి పంపకు. కింద ఇచ్చే పరిచయం రెండు లైన్లు దాటనివ్వకు, అందులో ఫోన్ నంబర్ పెట్టకు.