విజయనగరంలో స్వలింగ ఆకర్షణను మార్చే డాక్టర్ ఎవరైనా ఉన్నారా?

ఎవరూ లేరు, విజయనగరంలోనే కాదు, విశాఖ వెళ్లినా అలాంటి వైద్యం దొరకదు. ఎందుకంటే అది జబ్బే కాదు. ఒకప్పుడు డాక్టర్లూ జబ్బనే అనుకున్నారు. సుమారు వందేళ్ల కిందట వియన్నాలో స్టైనాక్ అనే శాస్త్రవేత్త ఇది హార్మోన్ల తేడా అని నమ్మాడు. ఆ నమ్మకంతో కొందరు మగవాళ్లకు వేరేవాళ్ల వృషణ కణజాలం అతికించారు. పని చేయలేదు. తర్వాత మగవాళ్ల ఫొటోలు చూపిస్తూ కరెంట్ షాకులిచ్చారు. భయం, డిప్రెషన్ మిగిలాయి, అంతే. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మన దగ్గర 2022లో జాతీయ వైద్య కమిషన్ ఇలాంటి 'చికిత్స' చేయడం డాక్టరుకు తగని పని అని తేల్చింది. పైడితల్లమ్మ పండగ దాటాక పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. పెళ్లితో ఆకర్షణ మారదు, పైగా ఏమీ తెలియని ఇంకొకరు అందులో ఇరుక్కుంటారు.