ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్‌లో చేరుతున్న అమ్మాయికి

అమ్మా,

ట్రాన్స్‌ప్లాంట్ యూనిట్‌లో చేరుతున్నానని రాశావు. చాలా సంతోషం. రిజెక్షన్ గురించి, అంటే పెట్టిన అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టడం గురించి, అక్కడ అందరూ చెబుతారు. నేను టీబీ గురించి రాస్తున్నాను. దాన్ని ఆపరేషన్‌కి ముందే వెతకాలి, తర్వాత పట్టుకోవడం చాలా కష్టం.

పేషెంట్‌ని కూర్చోబెట్టి తీరిగ్గా అడుగు. 'టీబీ వచ్చిందా' అంటే చాలామంది లేదనే అంటారు. ఇంట్లో ఎవరైనా నెలల తరబడి మందులు మింగారా, చిన్నప్పుడు మెడ మీద గడ్డలు లేచాయా, ఆ మందులు మధ్యలో మానేశారా అని విడివిడిగా అడగాలి. ఛాతీ ఎక్స్‌రే, టీబీ చర్మ పరీక్ష లేదా ఇగ్రా అనే టీబీ రక్తపరీక్ష ఎలాగూ చేయిస్తావు. చర్మం మీద 5 మిల్లీమీటర్ల గట్టి వాపున్నా వీళ్లలో పాజిటివ్ కిందే లెక్క. నెగటివ్ వస్తే మాత్రం నిశ్చింతగా ఉండకు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఒంట్లో టీబీ ఉన్నా ఈ పరీక్షలు ఒక్కోసారి పలకవు. అందుకే నేను రిపోర్టు కంటే వాళ్లు చెప్పేదే ఎక్కువ పట్టించుకుంటాను.

దాతనూ ఇవే అడుగు. దాతకు యాక్టివ్ టీబీ ఉంటే అవయవం తీసుకోకూడదు. మరణించిన దాతయితే ఏడుస్తున్న కుటుంబాన్ని అడగాల్సి వస్తుంది. మెత్తగా అడుగు, కానీ అడగకుండా వదలకు.

టీబీ నిద్రాణంగా, అంటే లక్షణాలేవీ లేకుండా ఒంట్లో దాగి ఉందని తేలితే ఐసోనియజిడ్ అనే టీబీ మందు, దాంతోపాటు విటమిన్ బి6, సాధారణంగా 9 నెలలు. ఇది పూర్తయ్యేదాకా ఆపరేషన్ ఆపక్కర్లేదు, తర్వాత కూడా కొనసాగించవచ్చు. లివర్ పరీక్షలు మాత్రం మానొద్దు.

ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత వచ్చే టీబీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. దగ్గు ఉండాలనేమీ లేదు. తగ్గని జ్వరం, బరువు తగ్గడం, అంతే. ఊపిరితిత్తుల బయట కూడా తరచుగా కనబడుతుంది కాబట్టి తెమడలో ఏమీ లేదని ఆగిపోకు. బ్రాంకోస్కోపీకో (ఊపిరితిత్తుల్లోకి గొట్టం పంపి చూడటం) బయాప్సీకో వెనకాడకు.

అసలు టెన్షన్ టీబీ మందులు మొదలుపెట్టాక. వాటిలో ఒకటైన రిఫాంపిసిన్ లివర్‌లోని ఎంజైములను రెచ్చగొట్టి, రిజెక్షన్ రాకుండా ఇచ్చే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్‌లను త్వరగా కరిగించేస్తుంది. రక్తంలో వాటి లెవెల్ పడిపోతే టీబీ తగ్గుతుండగానే పెట్టిన కిడ్నీ పోవచ్చు. టాక్రోలిమస్ డోసు ఒక్కోసారి మూడు నుంచి అయిదు రెట్లు పెంచాల్సి వస్తుంది. వీలైతే రిఫాంపిసిన్ బదులు రిఫాబ్యుటిన్ వాడు, దాని ప్రభావం ఈ విషయంలో తక్కువ. స్టెరాయిడ్ కూడా త్వరగా ఖర్చవుతుందని చాలామంది మర్చిపోతారు. మొదటి వారాల్లో లెవెల్ తరచుగా చూడు. డోసు మార్చిన ప్రతిసారీ పేషెంట్‌కీ ఇంట్లోవాళ్లకీ ఎందుకో చెప్పు, లేకపోతే అన్ని మాత్రలా అని భయపడి వాళ్లే తగ్గించేస్తారు.

రిఫాంపిసిన్ ఆపినప్పుడూ అంతే జాగ్రత్త కావాలి. దాని ప్రభావం పోవడానికి రెండు వారాల దాకా పడుతుంది. ఈలోగా పాత పెద్ద డోసే నడిస్తే టాక్రోలిమస్ పేరుకుపోయి కిడ్నీని దెబ్బతీస్తుంది. ఆపే తేదీని కేస్ షీట్ మీద ముందుగానే పెద్దక్షరాలతో రాసిపెట్టు. ఆ రోజు డ్యూటీలో నువ్వు లేకపోయినా ఉన్నవాళ్ల కంటపడాలి.