హాంప్టన్ హోదా

ప్రశ్న: మా అబ్బాయి వర్జీనియాలో ఉంటాడు. అక్కడి నల్లజాతివారి యూనివర్సిటీ హాంప్టన్‌కు ల్యాండ్ గ్రాంట్ హోదా మళ్లీ ఇవ్వాలంటున్నాడు. అంటే ఏమిటండీ?

జవాబు: 1862 మోరిల్ చట్టం కింద అమెరికా ప్రభుత్వం రాష్ట్రాలకు భూములిచ్చింది. అవి అమ్మిన డబ్బుతో వ్యవసాయ కాలేజీలు నడపాలి. అలాంటి కాలేజీకి ఉండేదే ల్యాండ్ గ్రాంట్ హోదా. అది ఉంటే రైతులకు నేర్పే పనికి ఏటా ప్రభుత్వ నిధి వస్తుంది. వర్జీనియా 1872లో ఆ నిధిలో మూడో వంతు హాంప్టన్‌కిచ్చి, 1920లో హోదాను పీటర్స్‌బర్గ్ దగ్గరి మరో నల్లజాతి కాలేజీకి మార్చేసింది. నేను వ్యవసాయ విస్తరణ అధికారిగా ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగానమ్మా. ఏటా నిధి రాకపోతే రైతు పొలం గట్టు మీదికి వెళ్లి చెప్పే మనిషే ఉండడు. అందుకే హాంప్టన్‌కు హోదా ఇవ్వాలనే అంటాను. పీటర్స్‌బర్గ్ కాలేజీ వాటా మాత్రం తగ్గకూడదు. ఒహాయో రాష్ట్రంలో సెంట్రల్ స్టేట్ అనే నల్లజాతి యూనివర్సిటీకి 2014లో ఈ హోదా కొత్తగా ఇచ్చారు కదా!