ఎదురు డబ్బు ఇచ్చే చదువుకు స్థలం తాకట్టు ఎందుకు?

ప్రశ్న: మేము హబ్సిగూడలో ఉంటాం. మావారికి 51 ఏళ్లు. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నారు, చేతికి 62 వేలు వస్తుంది. నేను ఇంట్లో ట్యూషన్లు చెప్పి నెలకు 14 వేలు సంపాదిస్తాను. ఇంటి అప్పు వాయిదా 19,500, ఇంకా ఏడేళ్లు కట్టాలి. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. అమ్మాయి ఈ ఏడాది జియాలజీతో బీఎస్సీ పూర్తిచేసింది. బ్రిటన్‌లో ఎన్విరాన్‌మెంటల్ మేనేజ్‌మెంట్‌లో ఏడాది ఎంఎస్సీకి సీటు వచ్చింది. అన్నీ కలిపి 34 లక్షలవుతుందని కన్సల్టెన్సీవాళ్లు చెప్పారు. మాకు బ్యాంకులో 9 లక్షల డిపాజిట్లు, మావారి పీఎఫ్ 11 లక్షలు, 20 తులాల బంగారం, ఘట్‌కేసర్ దగ్గర 2013లో 5 లక్షలకు కొన్న 167 గజాల స్థలం ఉన్నాయి. స్థలానికి ఇప్పుడు 32 లక్షలు పలుకుతోంది. దాన్ని తాకట్టు పెట్టి 11 శాతం వడ్డీకి 30 లక్షల అప్పు తీసుకోవాలా, లేక అమ్మేయాలా? 25వ తేదీలోగా అక్కడి యూనివర్సిటీకి డిపాజిట్ కట్టాలంటున్నారు.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ హబ్సిగూడ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీ స్టేషన్‌లో నాగోలు వైపు మెట్రో ఎక్కితే తర్వాత వచ్చే స్టేషన్ పేరే ఎన్‌జీఆర్‌ఐ. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది. మరో రెండు స్టేషన్లు దాటితే ఉప్పల్, అక్కడ సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. ఇటువైపు తార్నాకలో దిగితే ఉస్మానియా. ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ప్రగతినగర్‌లో, యురేనియం నిక్షేపాలు వెతికే అణు ఖనిజాల విభాగం బేగంపేటలో, జియలాజికల్ సర్వే శిక్షణ సంస్థ బండ్లగూడలో ఉన్నాయి. భూమి గురించి చదవాలనుకునే పిల్లకు ఇంతకన్నా మంచి ఊరు దేశంలో ఎక్కడుందో వెతకాలి. అలాంటి పిల్ల చదువుకు మీరు స్థలం తాకట్టు పెట్టబోతున్నారు. వద్దు. తాకట్టూ వద్దు, అమ్మకమూ వద్దు.

ముందు అప్పు లెక్క. 30 లక్షలు మొత్తం మొదట్లోనే విడుదలైందనుకుందాం. చదువు ఏడాది, ఆ తర్వాత వాయిదాలు మొదలయ్యే దాకా ఇచ్చే గడువు మరో ఏడాది. ఈ రెండేళ్లూ వాయిదా కట్టనక్కర్లేదని చెబుతారు గాని వడ్డీ మాత్రం ఆగదు. ఏడాదికి 3 లక్షల 30 వేల చొప్పున 6 లక్షల 60 వేలు అసలులో కలుస్తుంది. 36 లక్షల 60 వేలకు పదేళ్ల వాయిదా నెలకు 50,400 చిల్లర. మీ ఇంటి అప్పు వాయిదా కలిపితే దాదాపు 70 వేలు. మీ ఇద్దరి సంపాదన 76 వేలు. మిగిలే ఆరు వేలతో నలుగురు బతకాలి, అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. అమ్మాయికి అక్కడ ఉద్యోగం వచ్చి తానే కడుతుందన్న నమ్మకం మీదే ఈ లెక్కంతా నిలబడి ఉంది. ఆ ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే సమయమూ తగ్గిపోతోంది. బ్రిటన్‌లో మాస్టర్స్ ముగించాక రెండేళ్లు ఉండనిచ్చే వీసాను, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసుకునేవారికి 18 నెలలకు కుదించారు.

విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని మీకూ ఎవరో చెప్పే ఉంటారు. ఉన్న మాట నిజమే, ఎనిమిదేళ్ల పాటు, పరిమితి లేకుండా. కానీ అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు. మీవారి జీతం ఆ గీతకు చాలా దిగువన ఉంది. కట్టే పన్నే లేని ఇంటికి ఆ మినహాయింపు వల్ల ఒక్క రూపాయి ప్రయోజనం లేదు.

స్థలం అమ్మితే లాభం 27 లక్షలు. దాని మీద 12.5 శాతం చొప్పున 3 లక్షల 37 వేల పన్ను, పైన సెస్సు. 2024 జులై 23కు ముందు కొన్న స్థలం కాబట్టి ద్రవ్యోల్బణం సర్దుబాటు చేసుకుని 20 శాతం కట్టే వెసులుబాటూ మీకుంది గాని, మీ విషయంలో మొదటి లెక్కే తక్కువ. బ్రోకరు కమిషన్ పోగా చేతికి వచ్చేది సుమారు 28 లక్షలే. అంటే అమ్మినా 34 లక్షల ఖర్చుకు సరిపోదు, మళ్లీ డిపాజిట్ల మీద పడాలి.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది కోర్సు పేరు. మీ అమ్మాయి చదివింది జియాలజీ. యూపీఎస్సీ ఏటా నిర్వహించే జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వేలో, కేంద్ర భూగర్భ జల మండలిలో ఉద్యోగాలు భర్తీ చేస్తారు. 21 నుంచి 32 ఏళ్ల లోపువారు రాయవచ్చు. మూల వేతనమే 56,100తో మొదలవుతుంది. అయితే జియాలజిస్ట్ పోస్టుకు జియాలజీలోనో, అప్లయిడ్ జియాలజీలోనో, ఆ నోటిఫికేషన్‌లో పేరు పెట్టి రాసిన దగ్గరి సబ్జెక్టుల్లోనో మాస్టర్స్ ఉండాలి. ఎన్విరాన్‌మెంటల్ మేనేజ్‌మెంట్ పట్టాతో ఆ తలుపు తట్టడం కుదరదు. మూడేళ్లు రాళ్లను చదివిన పిల్ల 34 లక్షలు పెట్టి, తనకు తెరిచి ఉన్న అన్నిటికన్నా పెద్ద తలుపును మూసుకున్నట్టవుతుంది. ఈ సంగతి ఆ కన్సల్టెన్సీలో ఎవరూ చెప్పినట్టు లేదు. చాలా కన్సల్టెన్సీలకు చేర్చిన ఒక్కో విద్యార్థికి ఇంత చొప్పున విదేశీ యూనివర్సిటీల నుంచి కమిషన్ అందుతుంది. వాళ్ల సలహా వినేటప్పుడు ఆ విషయం గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు మాట. కంప్యూటర్ చదువులకు అలవాటైన మన ఇళ్లలో పీజీ అనగానే ఎంత పోయాలి అన్న ప్రశ్నే వస్తుంది. భూశాస్త్రం, భూగోళం, పర్యావరణ శాస్త్రాల్లో పరిశోధన వైపు వెళ్లేవారికి డబ్బు ఎదురు వస్తుంది. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ స్థాయి పరీక్షలో భూమి, వాతావరణం, సముద్రాలకు కలిపి ప్రత్యేకంగా ఒక సబ్జెక్టు ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత మూడేళ్లు 42 వేలు ఇస్తారు. ఐదేళ్లకు కూడితే సరిగ్గా 24 లక్షలు, ఇంటి అద్దె భత్యం కాక. భూగోళశాస్త్రం వాళ్లకు యూజీసీ నెట్ ద్వారా ఇదే ఫెలోషిప్ ఉంది. కష్టమైన పరీక్షే, రాసిన వారందరికీ రాదు. ఫెలోషిప్ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా పడుతుంది కూడా. అందుకే ఆ దారిలో వెళ్లే పిల్లలున్న ఇళ్లలో నాలుగు నెలల ఖర్చు పక్కన ఉంచమని చెబుతుంటాను. అయినా 30 లక్షలు అప్పు చేసి మొదలయ్యే బతుకుకూ, 24 లక్షలు అందుకుంటూ సాగే బతుకుకూ ఉన్న తేడా మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడే జియాలజీలో ఎంఎస్సీ చేయడానికి మూడు దారులున్నాయి. ఉస్మానియాకు తెలంగాణ పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్ అనే పరీక్షలు. జామ్‌లో జియాలజీకి విడిగా పేపరు ఉంది, ఫిబ్రవరిలో జరుగుతుంది. ఈ ఏడాది సీటు అందకపోతే ఆ ఏడాదంతా జామ్‌కు చదవనివ్వండి. ఇరవై ఒక్క ఏళ్ల పిల్లకు ఒక ఏడాది పెద్ద నష్టం కాదు, పదేళ్ల వాయిదాతో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు.

ఒక మాట పక్కకు వెళ్లి చెప్పుకోవాలి. నా దగ్గరికి వచ్చేవారిలో శివార్లలో స్థలం కొని ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది. ఖర్చుల పట్టీలో బోరు అన్న మాట రెండు మూడుసార్లు కనిపిస్తుంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషిని పిలిపిస్తారు, కాయ నిలబడ్డ చోట తవ్విస్తారు, దుమ్ము లేస్తుంది. మళ్లీ పిలుస్తారు. మన నగరం కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. అందులో నీళ్లు ఉండేది పైన శిథిలమైన పొరలో, కింద పగుళ్లలో. ఆ పగులు ఎటు పోతోందో విద్యుత్ నిరోధం కొలిచి అంచనా వేసే చదువు ఉంది, అది చదివినవాళ్లూ ఈ ఊళ్లోనే ఉన్నారు. 1908లో మూసీ ముంచెత్తిన తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఇప్పటికీ మనల్ని కాపాడుతున్నాయి. 2020 అక్టోబరులో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్న రోజులు మీరూ చూసే ఉంటారు. ఏ చెరువు నీరు ఎటు పారుతుందో చెప్పగలిగేవాళ్లు మనకు ఇంకా చాలామంది కావాలి. మీ అమ్మాయి ఎంచుకున్న చదువు మంచిది. దాన్ని మాన్పించడానికి నేను ఇదంతా రాయడం లేదు.

ఖర్చు పెట్టాల్సిన చోట పెట్టండి. మంచి లాప్‌టాప్‌కు 70 వేలు ఇవ్వండి. పటాలు గీయడానికి, విశ్లేషించడానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ప్రపంచమంతటికీ ఉచితంగా అందుతున్నాయి. మన బాలానగర్ కేంద్రం 2009లో మొదలుపెట్టిన భువన్ అనే పటాల వెబ్‌సైటు ఉండనే ఉంది. వీటితో తన కాలనీ వాన నీరు ఏ వీధి గుండా ఏ నాలాలోకి పోతోందో ఒక పటం గీయమనండి. లక్ష రూపాయల సర్టిఫికెట్ కోర్సు కన్నా ఆ ఒక్క పటం ఎక్కువ మాట్లాడుతుంది. మంచి బూట్లు, సుత్తి, భూతద్దం, క్షేత్ర పర్యటనల ఖర్చు ఎప్పుడూ కోత పెట్టకండి. ఎండలో రాయి పగలగొట్టి చూడనిదే ఈ చదువు రాదు.

మీ 9 లక్షలను ఇలా విడదీయండి. 3 లక్షలు అమ్మాయి రెండేళ్ల ఎంఎస్సీకి, లాప్‌టాప్ అందులోనే. ఇంటి నుంచి వెళ్లి వస్తే సరిపోతుంది, కొంత మిగలవచ్చు కూడా. 3 లక్షలు అబ్బాయి మొదటి రెండేళ్ల ఫీజుకు. మిగతా 3 లక్షలు కదపకండి, అవి మీవారి ఉద్యోగానికి ఏదైనా అయితే ఆదుకునేవి. పీఎఫ్ జోలికి పోవద్దు. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. మీ ఉత్తరంలో టర్మ్ జీవిత బీమా పాలసీ మాట లేదు. ఇంటి అప్పు ఉన్న 51 ఏళ్ల మనిషికి అది లేకపోవడం ఈ విదేశీ చదువు కన్నా ముందు తీర్చాల్సిన లోటు. మీవారికి 60 ఏళ్లు వచ్చే దాకా 50 లక్షలకు ఈ నెలలోనే తీసుకోండి.

అమ్మాయికి విదేశం వెళ్లాలనే ఉంటే ఆ కోరికను చంపకండి, కాస్త వెనక్కి జరపండి. ఎంఎస్సీ తర్వాత అమెరికాలో పీహెచ్‌డీకి వెళ్లే భూశాస్త్ర విద్యార్థులకు సాధారణంగా ఫీజు మాఫీతో పాటు నెల నెలా జీతం లాంటి భృతి ఇస్తారు. అక్కడ కన్సల్టెన్సీతో పని లేదు. తనకు నచ్చిన అంశం మీద పనిచేస్తున్న ప్రొఫెసరుకు తానే ఉత్తరం రాయాలి, చేసిన పని చూపించాలి. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు లేకపోగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు. జర్మనీలో ఒక్క బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం తప్ప చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు అక్కడి ఖాతాలో చూపించాలి, మన లెక్కలో 12 లక్షల పైన. ఆ డబ్బు మీ అమ్మాయికే నెల నెలా తిరిగి వస్తుంది. బ్రిటనే కావాలంటే చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది, దానికి రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు. ఇలాంటి అవకాశం వచ్చిన రోజు ఘట్‌కేసర్ స్థలం గురించి మళ్లీ మాట్లాడుకుందాం. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయమున్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం విదేశీ విద్యకు 20 లక్షల దాకా ఇస్తుంది. మీ ఆదాయం ఆ పరిమితి దాటింది గాని, ఇది చదివే మరొకరికి ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

అమ్మాయి బాధపడుతుంది, అది మీకూ తెలుసు. స్నేహితులు సామాన్లు సర్దుకుంటుంటే తాను తార్నాక బస్సు ఎక్కడం కష్టంగానే ఉంటుంది. వద్దు అని ఒక్క మాటతో తేల్చేయకుండా, యూపీఎస్సీ నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ తీసి ఇద్దరూ కలిసి చదవండి. తాను చేరాలనుకున్న కోర్సు పేరు అందులో ఉందేమో తననే వెతకమనండి. పై అప్పు లెక్క కూడా తన చేతనే కాగితం మీద వేయించండి. పిల్లలకు ఇంటి లెక్కలు దాచిపెట్టి నిర్ణయాలు మాత్రం చెప్పడం నేను ఎన్నడూ సమర్థించలేదు.

25వ తేదీ డిపాజిట్ కట్టకండి. ఇప్పటికే ఏమైనా కట్టి ఉంటే వెనక్కి వచ్చే నిబంధన ఉందో లేదో సీటు ఇచ్చిన ఉత్తరంలోనే చూసి, వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. వచ్చే ఏడాది అబ్బాయి సీటు ఖరారయ్యాక ఆ ఫీజు అంకెతో నాకు మళ్లీ రాయండి, ఇంటి అప్పు ముందుగా తీర్చడం కుదురుతుందో లేదో అప్పుడు లెక్క వేద్దాం.